తెగిన మూడు గడులకై ఓదెలు చేసిన రణము

వినుడు! ముందుగా జగదీశ్వరుని సంగతి చెప్పి గాని కథలోనికి పోవుట లేదు. మాదాపూరు అద్దాలమేడలో చల్లగాలి యంత్రము కింద కూర్చుండువాడును, మెడలో పట్టీకి గుర్తింపుకార్డు వ్రేలాడువాడును, బీటెక్ బిరుదాంకితుడును, ఓదెలు భార్యయైన శోభకు స్వయాన తమ్ముడును అగు ఆ జగదీశ్వరుడు, పోయిన దసరాకు గోదావరిఖనికి విచ్చేసి, రెండు పూటల మేకకూరను నిశ్శేషముగా ఆరగించి, త్రేన్చి, బావగారి జిరాక్సు దుకాణములో కంప్యూటరు ముందు ఆసీనుడై, కాగితముల ఫైలుకు పాస్‌వర్డు తాళము వేయు ప్రోగ్రామును నలుబది మూడు పంక్తులలో వ్రాసి, "ఇగ నీకు ఫికర్ లేదు బావా, ఒక్క నొక్కు నొక్కు, ఎసొంటి ఫైలైనా లాకైతది" అని వీపు చరచి బస్సెక్కినాడు. పరీక్షించి చూచినాడా? చూచినాడు. ఒక్క పేజీతో చూచినాడు. చదువుకున్నవాడు ఒక్క పేజీతో చూచి పోవును. చదువుకోనివాడు మిగిలిన పేజీలతో చచ్చును. లోకరీతి ఇంతే.

ఇక కాలమేదనగా, రెండువేల పదమూడవ సంవత్సరపు మే నెల. భానుడు బొగ్గుగనుల మీద పగబట్టినవాడై పొద్దున తొమ్మిదికే నడినెత్తి కెక్కిన దినము. రామగుండపు పొగగొట్టములు దిక్పాలకులవలె నిలిచి ఆకాశమున కింకను పొగ పెట్టుచుండగా, బొగ్గు లారీలు లేపిన నల్లధూళి చౌరస్తాలోని మిర్చిబజ్జీల మీద మిరియాలపొడియై వ్రాలుచుండగా, ఆ చౌరస్తాకు నాలుగు అంగల దూరమున, రేకుల కప్పు కింద, తండ్రి పేర వెలసిన 'రాయమల్లు జిరాక్స్' అను దుర్గమున, అష్టమతరగతిపర్యంత విద్యాధురంధరుడు, టోనరుధూళిధూసరితాంగుడు, కిరకిరధ్వనియుక్త భ్రమణపీఠాధిష్ఠితుడు అగు ఓదెలు మౌసు చేతబట్టి యుద్ధమునకు సన్నద్ధుడై యుండెను.

యుద్ధకారణమెట్టిదనగా, ఓదెలు పుట్టిన పల్లె రేగులవాగు. ఆ పల్లె కొత్త ఓపెన్ కాస్టు బొగ్గుగని కిందికి పోవుచున్నది. ఊరితో పాటు భూమి పోవువారందరును తమ కాగితములన్నిటిని ఒక్క ఫైలుగా కూర్చి, అందులో బ్యాంకు పుస్తకములుండును గనుక పాస్‌వర్డు తాళము వేసి, ఆ దినము సాయంకాలము నాలుగు గంటలలోపల మెయిలు చేయవలెనని నోటీసు వచ్చినది. నాలుగు దాటినచో జాబితా మూయబడును. చదువరాని ఫైలు లెక్కలోనికి రాదు. ఆ జాబితాలో పేరెక్కనివాడు పరిహారమునకు మాత్రమే కాదు, భూమి పోయినదని చెప్పుకొని ఏడ్చుటకు కూడ పనికిరాడు.

ఓదెలు ఫైలులో ఏడు పేజీలు. మొదటి ఆరును నిలువు పేజీలు: గతించిన తండ్రి రాయమల్లు ఫోటో పైభాగమున గల పట్టా పుస్తకము, ఆయన మరణపత్రము, రేషను కార్డు మొదలగునవి. ఏడవది మాత్రము నోటీసుతో వచ్చిన నమూనా పట్టిక. పదకొండు గడులు గలది. వెడల్పు ఎక్కువ గనుక అడ్డముగా పరచుకొన్న పేజీ. సర్వే నంబరు మొదలు వరుసగా పోయి పోయి, చిట్టచివరి పదకొండవ గడిలో 'పోవుచున్న భూమి ఎంత' అని యుండును. ఆ గడి కొరకే మిగిలిన పది గడులు.

పదకొండు గంటలకు ఓదెలు జగదీశ్వరుని ప్రోగ్రామును నొక్కి, తాళము వేసి, మెయిలు పంపి, చాయ్ త్రాగి, తాను గెలిచితినని తలచెను. పన్నెండు గంటలకు ఫోను మోగెను. భూసేకరణ దఫ్తరులో మెయిళ్లు చూచు సంధ్యారాణి.

"రేగులవాగు ఓదెలన్నేనా?"

"ఔ మేడం, నేనే."

"ఏడో పేజీల కుడిపక్క మొత్తం లేదన్నా. ఎనిమిదో గడి కాడికే ఉన్నది. మీ భూమి ఎంతనో రాసిన గడే లేదు."

"లేకుండ ఎట్ల పోతది మేడం? నా చేతులతోని టైపు చేసిన."

"ఏమోనన్నా, నాకైతే కనపడ్తలేదు. నాలుగు లోపల మల్ల పంపుండ్రి. నాలుగు దాటితే నా చేతుల గూడ ఉండదు, లిస్టు సారు టేబుల్ మీదికి పోతది."

ఓదెలు ఫైలు తెరచి చూచెను. తాళము వేయకమునుపు పదకొండు గడులు. తాళము వేసిన పిదప ఎనిమిది. మరల వేసెను, ఎనిమిది. కంప్యూటరును ఆర్పి, దానికి దండము పెట్టి, వెలిగించి మరల వేసెను, ఎనిమిదే. తలుపునకు తాళము వేయగా ఇంటిలోని మూడు గదులు మాయమైన గృహస్థువలె ఆ వీరుడు నోరు తెరచి కూర్చుండెను.

అయినను కార్యశూరునకు ఉపాయములు కొదువయా? పట్టికను కాగితము మీద ముద్రించి, ఆ కాగితమును స్కానరు గాజు మీద నిలువుగా శయనింపజేసి, ఆ బొమ్మను ఏడవ పేజీగా నిలిపి తాళము వేసెను. ఆహా! పదకొండు గడులును వచ్చినవి. కాని రాత్రి షిఫ్టు చేసి వచ్చిన కార్మికునివలె పట్టిక మొత్తము పక్కకు ఒరిగి పండుకొని యుండెను. సరే, గడులైతే ఉన్నవి గదా అని పంపెను. పది నిమిషములకే ఫోను.

"అన్నా, ఇప్పుడు మొత్తం పంటున్నది."

"జర మెడ వంచి సూడుండ్రి మేడం, అన్ని గడులున్నయ్."

"పొద్దుగాల్నించి వంచుతనే ఉన్నన్నా, మెడ పట్టేసింది. మీదొక్కటే కాదు, మస్తు మందివి ఇట్లనే వచ్చినయ్. అడ్డం పడ్డయి తీసుకోవద్దన్నరు సారు. సక్కగ చేసి పంపుండ్రి."

ఓదెలు ఆ పేజీని తెర మీద తిప్పి నిలబెట్టెను. నిలబడెను. తాళము వేసెను. పండుకొనెను. మరల తిప్పెను, నిలబడెను. తాళము వేసెను, పండుకొనెను. పేజీని తిప్పుట యనునది దాని అంచున 'ఇది ఇటు తిప్పి చూడుడు' అని చీటీ అంటించుట వంటిది. జగదీశ్వరుని ప్రోగ్రాము ఆ చీటీని కన్నెత్తి చూడదు, పేజీని మాత్రము లాగుకొని పోవును. ఈ రహస్యము ఓదెలునకు అప్పటికి తెలియదు. తెలిసినది ఒక్కటే, ఒంటిగంట దాటినదని.

అప్పుడు శోభ సద్దిగిన్నెతో దుర్గప్రవేశము చేసెను. ఆమెను చూడగనే వీరుని గుండెలోని అగ్నిపర్వతము బద్దలై, కుర్చీ కిర్రుమనగా లేచి నిలిచి, కుడిచేయి రేకుల కప్పు తాకునట్లు ఎత్తి, ఓదెలు ఇట్లు ప్రతిజ్ఞ చేసెను:

"సూడు శోభా! ఇను! ఆ సూర్యుడు సాక్షి, ఈ జిరాక్సు మిషను సాక్షి! మా నాయిన దున్నిన భూమి పోతే పోనీ, పోయిందని రాసిన గడిని గూడ పోనిస్తనా? ఈ పేజీ నిలబడేదాక అన్నం ముట్ట! నీళ్లు ముట్ట! ఇక్కడికెల్లి లేవ!"

"ఇప్పుడే లేచినవ్ గద" అనెను శోభ. "కూసో. తిని నిలబెట్టు. వంకాయ కూర."

"నీ తమ్ముడు చేసిన పని ఇది!"

"నా తమ్ముడు ఫిరీగ చేసిచ్చిండు. పైసలు పెట్టి చేపిచ్చుకుంటే పేజీలు నిలబడునేమో."

ఈ మాట ఓదెలు మర్మమున దిగెను. వంకాయ కూర కూడ, ప్రతిజ్ఞ చల్లారిన పిదప, కొంత దిగెను.

అంతట పక్క దుకాణమున సెల్లుఫోనుల గుండెలు కోసి అతుకు శస్త్రవైద్యుడు హసన్, చిన్న స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకొని, ఆ కేకలు విని వచ్చెను. ఆవల బల్ల మీద మరియొకడు అప్పటికే ఆసీనుడై యుండెను: ఎల్లన్న, ముప్పదియొక్క సంవత్సరములు భూగర్భమున కప్పు కూలకుండ కర్రలు నిలిపిన టింబర్‌మన్, ఇప్పుడు విశ్రాంతుడు. తన దవాఖాన పుస్తకము జిరాక్సు కొరకు పదకొండున్నరకు వచ్చి, ఇంకను కూర్చుండియే యున్నాడు.

"క్యా ఓదెలన్నా, కంప్యూటర్‌కు పక్షవాతం వచ్చిందా?" అనెను హసన్.

"పేజీ పంటున్నది ర హసన్. లేపితే లేస్తలేదు."

హసన్ తెరను తేరిపార చూచెను. గడ్డము గోకుకొనెను. పిదప, "అరే, దీనికెందుకన్నా ఇంత పరేషాన్? హటో!" అని, పదునాలుగు సంవత్సరముల ప్రాయము గల ఆ పెట్టె మానిటరును, పదిహేను కిలోల బరువు గలదానిని, కౌగిలించి ఎత్తి, మూలుగుచు, బల్ల మీద పక్కకు పరుండబెట్టెను. తీగలు తెగునంతగా సాగెను. పట్టిక నిటారుగా నిలిచెను.

"దేఖో! సీదా!"

దుర్గము గెలిచినట్లే తోచెను. ఓదెలు కన్నులలో నీరు తిరుగబోయి ఆగెను.

"మరి ఆ మేడం కంప్యూటరో?"

"ఆమెకు గూడ ఫోన్ కొట్టి పండవెట్టమను."

"మేము బొగ్గుపెల్లలు మోసినోళ్లం" అనెను ఎల్లన్న బల్ల మీదనుండి, "మాకే ఇంత తెలివి రాలే. ఓదెలూ, బిడ్డా, నా జిరాక్సు ఎప్పుడు తీస్తవ్ ర?"

"ఆగు కాకా, ప్రాణం మీదికి వచ్చింది."

"నీకు పేజీ మీదికే వచ్చింది. నాకు గుండె మీదికి వచ్చింది, అందుకే పుస్తకం తెచ్చిన."

మానిటరును మరల యథాస్థానమున నిలబెట్టుసరికి రెండు గంటలాయెను. జగదీశ్వరునకు ఓదెలు నాలుగు మార్లు ఫోను చేసెను. నాలుగు మార్లును అది మోగి మోగి చచ్చెను. శోభ తన ఫోనునుండి ఒక్కమారు చేసెను. రెండవ మోతకే వాడెత్తెను. ఇందలి అన్యాయమును నేను వర్ణింపను. బామ్మర్దులున్న మీకే తెలియును.

"చెప్పక్కా."

"అక్క కాదు, బావను" అని ఓదెలు లాగుకొని గర్జించెను. "ఏం రాసినవ్ ర ప్రోగ్రాము! అడ్డం పేజీ వెడితే మూడు గడులు మింగుతున్నది. నిలువు వెడితే పంటున్నది!"

"బావా, మీటింగ్‌ల ఉన్న. అది ఓరియెంటేషన్ ఇష్యూ. సింపుల్. తిప్పి లాక్ చెయ్."

"తిప్పిన ర!"

"మల్ల అటు తిప్పు."

"అటు తిప్పినా గట్లనే పంటున్నది! ఏం చెయ్యమంటవ్, జోల పాడమంటవా?"

"అట్లయితే కోడ్‌ల సైజు ఉంటది సూడు బావా, ఏ ఫోర్ అని... పక్కకు కొలతలుంటయ్... ఆ, కమింగ్, కమింగ్..." అని పలుకుచు, ఆ మాయావి మేఘములలో అంతర్ధానమయ్యెను.

అప్పుడు ఓదెలు, జీవితమున ఎన్నడును చేయని సాహసమునకు పూనుకొనెను. ప్రోగ్రాము కడుపు చీల్చి, నలుబది మూడు పంక్తులను జగదీశ్వరుడు వదలిపోయిన రంగుల ఎడిటరున పరచెను. పెండ్లిపత్రికలు, రాజీనామాలు, సంతాప పోస్టర్లు టైపు చేసి చేసి నేర్చిన ఆంగ్లాక్షరముల బలముతో, వ్రేలు తెర మీద ఆనించి, ఒక్కొక్క పంక్తినే కూడబలుకుచు, అంధకారమున దీపము లేక దిగినవానివలె దిగెను. కామాలు ముండ్లవలె, కుండలీకరణములు కొడవండ్లవలె కాచుకొని యుండెను. పదునెనిమిదవ పంక్తిలో దొరికెను: ఏ ఫోర్. దాని పక్కన రెండు సంఖ్యలు: ఐదువందల తొంబదియైదు వెడల్పు, ఎనిమిదివందల నలుబదిరెండు ఎత్తు.

"దొరికిండు దొంగ!" అని కేకవేసి, ఓదెలు ఆ రెండు సంఖ్యలను తారుమారు చేసెను. ఎత్తు వెడల్పాయెను, వెడల్పు ఎత్తాయెను. టైపు చేసిన అసలు పట్టికను మరల ఏడవ పేజీగా పెట్టి, తాళము వేసి, తెరచెను. ఆహాహా! పదకొండు గడులు! అన్నియు నిటారుగా, తెగక, ఒరగక! హసన్ ఈలవేసెను. శోభ కొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వెను. ఓదెలు రెండు చేతులు పైకెత్తగా, కుర్చీ ఆనందాతిరేకమున ఒక చుట్టు తిరిగెను.

ఎల్లన్న మాత్రము లేచి, కండ్లద్దాలు ముక్కు మీదికి దించి, తెరకు మొగము ఆనించి, మొదటి పేజీని చూచుచుండెను.

"అరేయ్" అనెను మెల్లగ. "మీ నాయిన తల ఏడ వోయింది ర?"

చూతురుగదా, పట్టా పుస్తకము మీది రాయమల్లు మెడనుండి కిందికి మాత్రమే ఉండెను. అంగీ గుండీలున్నవి, భుజము మీది తువ్వాల ఉన్నది, తల లేదు. మరణపత్రమున మరణించినవాని పేరు లేదు. రేషను కార్డున ఇంటిల్లిపాదిలో సగము మంది లేరు. ఒక్క పేజీని బ్రతికించుటకు ఓదెలు ఆరు పేజీలకు శిరశ్ఛేదము చేసినాడు. అడ్డపు పేజీకి తగిన పొట్టి కాగితము మీద నిలువు పేజీలను దూర్చగా పైభాగము లెగిరిపోయినవి.

మూడు గంటల షిఫ్టు బస్సు చౌరస్తాలో హారను కొట్టెను. ఓదెలు కుర్చీలో కూలబడెను. తండ్రి తలలేని ఫోటో వైపే చూచుచుండెను. హాస్యమాడు హసన్ కూడ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకొనెను.

"ఇంతకు నువ్వు ఏం చేసినవ్ ర? నాకు తెలుగుల చెప్పు" అనెను ఎల్లన్న.

"ఇది లాక్ చేసే ముందుగాల ఒక్కొక్క పేజీని కొత్త కాయిదం మీద వెడ్తది కాకా. ఆ కాయిదం సైజు ఈడ రాసి ఉన్నది. నిలువుది రాస్తే అడ్డంది తెగుతున్నది. అడ్డంది రాస్తే నిలువుది తెగుతున్నది."

"అన్ని పేజీలకు ఒకటే సైజా?"

"ఒకటే."

అంతట ఎల్లన్న మొగము మారెను. వంగిన నడుము కొంత నిటారాయెను. గనిలోని ముప్పదియొక్క సంవత్సరములు ఆయన కంఠమునకు వచ్చెను.

"ఎవడు ర రాసింది దీన్ని? వాన్ని ఒక్క దినం నాతోని బొగ్గుబాయిలకు దింపు! కప్పు ఒక్కతీరు ఉంటదా ర? ఈడ ఆరడుగులుంటది, నాలుగు అంగలు పోతే నాలుగడుగులే ఉంటది. పొద్దుగాల పైన కూసోని అన్ని కర్రలు ఒక్క సైజు కోసుకపోతే పొట్టిది కప్పుకు అందది, పొడుగుది దూరది. రెండిట్ల ఏదైనా కప్పు మన నెత్తి మీదనే! మేము ఏం చేద్దుము? ముందుగాల బద్ద వెట్టి ఆ జాగను కొలుద్దుము. కొలిచినంక కర్ర కోద్దుము. మల్ల నాలుగు అంగలు పోయి మల్ల కొలుద్దుము. నీ కంప్యూటరుకు కొలిచేటోడు లేడా?"

ఓదెలు తలయెత్తెను. 'కొలిచేటోడు' అను మాట ఆతని చెవిలో శంఖనాదమాయెను. మరల తెర మీద వ్రేలు ఆనించెను. పదునెనిమిదవ పంక్తి దాటి పందొమ్మిదవ పంక్తికి వచ్చెను. ఇంతకుమునుపు ఆ పంక్తిని ఆతడు చదువలేదు. అది బూడిదరంగున, చచ్చినట్లు పడియుండెను. ఇప్పుడు చదివెను. గెట్... పేజ్... సైజ్. ఏ పేజీ వచ్చినచో ఆ పేజీ కొలత తీసుకొమ్మని అర్థము. పేజీ నంబరు చోట ఒక చిన్న ఐ అక్షరము.

"ఈ ఐ ఏంది ర హసన్?"

"గిన్తీ ఉంటది అన్నా. ఒకటో పేజీ, రెండో పేజీ, మూడో పేజీ... ఒక్కొక్కటి వస్తది."

"అంటే కొలిచేటోడు ఉన్నడు!" అని అరచెను ఓదెలు. "ఉన్నడు కాకా! పనిల నిలబెట్టలే!"

ఔను. ఆ పంక్తి ముందర రెండు వాలుగీతలు గీయబడియున్నవి. కోడులో ఆ రెండు గీతలు గీసిన పంక్తి ఉండియు లేనిదే; హాజరుపట్టీలో పేరుండి డ్యూటీ లేని మనిషి వంటిది. దాని చివర జగదీశ్వరుడు ఆంగ్లాక్షరములతో తెలుగున వ్రాసుకొన్న రెండు మాటలు: తర్వాత చూద్దాం.

తర్వాత చూద్దాం! అయ్యా, మేకకూరను తర్వాత చూతమని అనలేదు గదా వాడు! పెరుగును తర్వాత చూతమని అనలేదు గదా! ఒకడు తర్వాత చూతమని అలవోకగా గీసిన రెండు గీతల కింద, నలుబది యేడేండ్ల మరియొకడు పగలంతయు పడి నలిగినాడు. శోభ ఆ మాటలను చదివించుకొని, తమ్ముని పక్షమున ఏదో చెప్పబోయి, ఖాళీ గిన్నెకు మూతపెట్టెను.

గడియారమున మూడు గంటల నలుబది నిమిషములు. ఓదెలు, కణకణలాడు కన్నులతో, మహాస్త్రమును సంధించువానివలె కుడిచేతి చిటికెనవ్రేలు మీది చెమటను లాగుకు తుడుచుకొని, పదునెనిమిదవ పంక్తిని సమూలముగా తుడిచివేసెను. పిదప పందొమ్మిదవ పంక్తి ముందర నిలిచెను. ఒక గీత! ఒక్క నొక్కుతో అది ఎగిరిపోయెను. రెండవ గీత! అదియు కూలెను. బూడిదరంగు పంక్తి ఒక్కసారి నల్లబడి, ప్రాణము వచ్చినదై లేచెను.

నొక్కెను. యంత్రము గుర్రుమనెను. కరెంటు ఒకమారు కన్నుగీటగా నలుగురి ప్రాణములును నాలుగు దిక్కుల నెగిరి మరల వచ్చి వ్రాలెను. ఫైలు తెరచుకొనెను. మొదటి పేజీ: రాయమల్లు, తలతో సహా, ఎవరి మీదనో కొంచెము కోపముగా చూచుచున్నాడు. రెండవది నిలువు. మూడవది నిలువు. ఆరవదాక నిలువు. ఏడవ పేజీ, వెడల్పాటి కాగితము మీద, దిమ్మిసతో కొట్టి పరచినట్లు పరచుకొని, పదకొండు గడులతో నిలిచియున్నది.

ఎల్లన్న దవాఖాన పుస్తకమును ముందుకు జరిపి, "ఇగ నాది తియ్యి" అనెను. ఓదెలు మెయిలు నొక్కి, పోయినదని నిశ్చయించుకొని, ఆ ముసలివానికి ఒకటి అడిగిన చోట మూడు జిరాక్సులు తీసి ఇచ్చెను.

మూడు గంటల ఏబదియాఱు నిమిషములకు ఫోను మోగెను.

"వచ్చిందన్నా. ఈసారి పాత పాస్‌వర్డు పడ్తలేదు, కొత్తది చెప్పుండ్రి."

"రేగులవాగు. ఇంగ్లీషు అక్షరాలల్ల."

"ఊరి పేరేనా?"

"ఇగ దాన్ని ఇంకేడ వాడాలె మేడం."

సంధ్యారాణి నొక్కు మీటల చప్పుడు వినబడెను.

"ఆ, తెరుసుకున్నది. అన్ని సక్కగ ఉన్నయన్నా. ఒక్కటి గూడ వంగలే, తెగలే. పొద్దుగాల్నించి ఇంత సాఫ్ ఫైలు సూడలే నేను. ఎవరు చేసిండ్రన్నా?"

"నేనే మేడం."

"లిస్టుల ఎక్కిస్తున్న. ఆఖరి గడి ఒక్కసారి సదువుతున్న, ఖరారే కదా సూసుకోండ్రి."

కావున దిక్కులారా, పొగగొట్టములారా, మాదాపూరు మేడలారా, వినుడు! ఎనిమిదవ తరగతితో బడి మానిన ఓదెలు, ఎల్లన్న మాటయే బద్దగా, రెండు వాలుగీతలను నేలగూల్చి, ఒక అడ్డపు పేజీని అడ్డముగనే, అనగా అది ఉండవలసినట్లే, నిలిపినాడు. మూడు గడులు తిరిగి వచ్చినవి. ఇందులకు పూలవాన కురియలేదు. రేకుల మీద బొగ్గుదుమ్ము కురిసినది. ఆ పదకొండవ గడిని సంధ్యారాణి ఫోనులో స్పష్టముగా, ఒక్క అక్షరమును మింగక చదువగా, ఓదెలు "ఖరారే" అనెను. పోవుచున్న భూమి: ఒక ఎకరము ఇరువదియాఱు గుంటలు.